ప్రకటనల ఖర్చు కంపెనీకి బరువా, బలమా?

ప్రశ్న: పెద్ద కంపెనీలు ప్రకటనలకు ఏటా వందల, వేల కోట్లు పోస్తున్నాయి. ఆ మేరకు ధర తగ్గిస్తే సరుకు ఇంకా ఎక్కువగా అమ్ముడుపోదా? ఈ ఖర్చు వాటి ఎదుగుదలకు సాయమా, అడ్డమా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సరుకు తయారీకి అయ్యే ఖర్చు వేరు, దానికి గిరాకీ పుట్టించడానికి అయ్యే ఖర్చు వేరు అని అమెరికా ఆర్థికవేత్త ఎడ్వర్డ్ చాంబర్లిన్ 1933లోనే విడదీసి చూపారు. మీరు అడుగుతున్నది ఈ రెండో దాని గురించి. ఒక టీవీ ప్రకటనకు 10 లక్షల రూపాయలు అవుతుందనుకుందాం. లక్ష సబ్బులు అమ్మే కంపెనీకి అది సబ్బుకు 10 రూపాయల భారం. పది కోట్ల సబ్బులు అమ్మే కంపెనీకి ఒక్క పైసా. హిందుస్థాన్ యూనిలీవర్ వంటి సంస్థ తన రాబడిలో దాదాపు పదో వంతు ప్రచారానికే వెచ్చించగలగడానికి, చిన్న సంస్థలు ఆ దరిదాపులకు రాలేకపోవడానికి కారణం ఇదే. పెద్దవాళ్లకు అది ఖర్చుతో పాటు కంచె కూడా.

మీరు చెప్పిన ధర తగ్గింపు దారిలో నడిచి గెలిచినవారు లేకపోలేదు. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంట్లో తయారుచేసి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మిన నిర్మా పొడి కిలో సుమారు 3 రూపాయలు. సర్ఫ్ అప్పట్లో 13 రూపాయల దాకా ఉండేది. సర్ఫ్ కంపెనీ ఎంత ప్రచారం చేసినా ఆ తేడాను పూడ్చలేక, చివరికి వీల్ అనే చవక పొడిని తేవలసివచ్చింది. అయితే దేశమంతటా అమ్మదలచినప్పుడు నిర్మా కూడా రేడియో, టీవీ ప్రకటనలనే ఆశ్రయించిందని మరువరాదు.

ఇక లెక్కల సంగతి. ప్రకటనల ఖర్చును మన పద్దుల నియమాల ప్రకారం ఏ ఏటిది ఆ ఏటే లాభంలోంచి తీసివేయాలి. దాని వల్ల పెరిగిన పేరును ఆస్తిగా చూపకూడదు. (నాకు ఇది కొంత అన్యాయంగానే తోస్తుంది.) ఆ పేరు చేతులు మారినప్పుడే దాని విలువ బయటపడుతుంది. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ భారతదేశంలో హార్లిక్స్ పేరు మీద హక్కు కోసమే 3,045 కోట్ల రూపాయలు చెల్లించింది. మీ ఊరి హార్లిక్స్ ఫ్యాక్టరీ విలువ అందులో కలవలేదు. హార్లిక్స్ తయారుచేసే కంపెనీ హిందుస్థాన్ యూనిలీవర్‌లో విలీనం కావడం వాటాల మార్పిడి ద్వారా (డబ్బుకు బదులు వాటాలు ఇచ్చి) వేరుగా జరిగింది.

ఎదుటివాడు పెంచాడు కాబట్టి మేమూ పెంచాలి అన్న పోటీలో మాత్రం ఈ ఖర్చు ఎవరినీ పెంచదు. ఒకరి ప్రచారాన్ని మరొకరిది కొట్టేస్తుంది. అందువల్ల కంపెనీ ఫలితాలు చూసేటప్పుడు రాబడి ఎంత పెరిగిందని కాక, అమ్ముడైన సరుకు పరిమాణం ఎంత పెరిగిందో చూడండి. ధర పెంచినందువల్ల వచ్చిన రాబడిని ప్రచారం ఖాతాలో వేయకూడదు.