వరంగల్‌లో ఉండి కథలు రాస్తూ బతకొచ్చా? కష్టం ఎక్కడ, ఫలితం ఎక్కడ

మీరు అడిగింది ఇది: హన్మకొండలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నారు, పన్నెండు దాకా కథలు రాశారు, కొన్ని అచ్చయ్యాయి. ఉద్యోగం మానేసి పూర్తిగా రాతలోకి దిగొచ్చా, పుస్తకం వేస్తే ఏం వస్తుంది, ఏం పోతుంది?

ఉద్యోగం మానకండి. తెలుగులో కథల మీద, కవిత్వం మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. రాతతోనే బతుకుతున్నారని మనం అనుకునేవాళ్లలో చాలామంది పత్రికల డెస్కులోనో, సినిమాలు, సీరియళ్లకు మాటలు రాస్తూనో, అనువాదాలు చేస్తూనో నెలకింత సంపాదిస్తున్నవాళ్లే. రాత మీదే ఆధారపడాలనుకుంటే అటు వెళ్లాలి, అది వేరే దారి. కథకు మాత్రం ఇంటి కిరాయి కట్టే బాధ్యత పెట్టొద్దు. ఆ బరువు పడ్డ కథలో తొందర కనిపిస్తుంది, నచ్చని షరతులకు కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది.

డబ్బు సంగతి అందరూ చెప్తారు. అంతగా ఎవరూ చెప్పనిది, రాయడం అయిపోయాక మొదలయ్యే పని. దిద్దడం, టైపు, ప్రూఫు, అచ్చు, అమ్మకం అన్నీ తెలుగు రచయిత నెత్తిమీదే పడతాయి. ఇవి ముందే తెలిసినవాళ్లు నిలబడతారు. తెలియనివాళ్లు మొదటి పుస్తకంతోనే విసిగిపోతారు.

ముందు దిద్దడం. రాసిన కథను కనీసం మూడు వారాలు ముట్టుకోకండి. తర్వాత ప్రింటు తీసి, పెన్ను పట్టుకుని, పైకి చదవండి. ఫోన్ తెర మీద కంటికి దొరకని తప్పు నోటికి దొరుకుతుంది. కొత్త కథల్లో మొదటి పేజీ చాలాసార్లు తీసేయొచ్చు: తెల్లవారడం, బస్సు రావడం, ఊరి వర్ణన. రెండో పేజీలో ఎవరో ఎవరినో ఏదో అడుగుతారు, కథ అక్కడ మొదలవుతుంది. అలాగే చివరి పేరాలో పాత్ర చేత నీతి చెప్పించారేమో చూడండి. ఉంటే కొట్టేయండి.

వివరం తప్పితే మన దిక్కు పాఠకులు ఊరుకోరు, వాళ్ల పట్టింపు న్యాయమే. ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్ముకునే రైతు కథ రాస్తున్నారనుకోండి. ‘దళారీ మోసం చేశాడు, ధర రాలేదు’ అని రాస్తే అది ఎక్కడి రైతుకైనా అతుకుతుంది. అసలు అక్కడ జరిగేది తేమ మీద. పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటే సీసీఐ (ప్రభుత్వం తరఫున పత్తి కొనే సంస్థ) పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 8 నుంచి 12 దాకా శాతం లెక్కన కోత పడుతుంది. 12 దాటితే కొనదు. రాత్రి మంచు పడ్డ పత్తిని తెల్లవారుజామునే తెచ్చిన రైతు, తేమ కొలిచే మీటరు పత్తిలో గుచ్చి అంకె చూసేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాడు. 12.6 వస్తే ఆరబెట్టడానికి చోటు వెతుక్కోవాలి, లేకుంటే పక్కనే ఉన్న ప్రైవేటు వ్యాపారికి అడిగిన ధరకు ఇచ్చుకోవాలి. మీ కథ ఆ రెంటి మధ్య నిలబడి ఉంది. ఒక పొద్దు మార్కెట్లో నిలబడి చూస్తే ఇది దొరుకుతుంది, ఇంట్లో కూర్చుంటే దొరకదు. మేడారం జాతర గురించి రాసినా అంతే. బుధవారం సారలమ్మ గద్దెకు వస్తుంది, గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. ఈ వరుస తారుమారైతే తర్వాతి పేజీ ఎంత బాగున్నా ఇక్కడి పాఠకుడు నమ్మడు.

భాష సంగతి మొదటి కథ రాసేటప్పుడే తేల్చుకోండి. కథనం మామూలు రాతభాషలో, మాటలు మన యాసలో పెట్టొచ్చు. మొత్తం యాసలోనే చెప్పొచ్చు. రెండూ మంచివే, ఏది పట్టుకుంటే దాన్ని చివరిదాకా విడవకూడదు. అందరి నోటా ఒకే యాస పెట్టడం ఇంకో పొరపాటు. ములుగు రైతు, హన్మకొండలో రిటైరైన సారు, గోదావరిఖని గని కార్మికుడు ఒక్కలాగా మాట్లాడరు.

పత్రికలకు పంపడం గురించి కొద్దిగానే చెప్తాను. ఆదివారం అనుబంధాలకు 1000 నుంచి 1500 మాటల కథ సరిపోతుంది, పెద్ద కథలకు మాసపత్రికలు, వెబ్ పత్రికలు ఉన్నాయి. యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా కనిపించే తెలుగు అక్షరాల్లో) టైపు చేసిన ఫైలు, దాని పీడీఎఫ్ రెండూ పంపండి, చేతిరాత ఫోటోలు వద్దు. హామీ పత్రం తప్పనిసరి: కథ సొంతం, అనువాదమో అనుకరణో కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని. ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో పెట్టిన కథను చాలా పోటీలు అచ్చయిన కథగానే లెక్కగడతాయి, కాబట్టి ముందే అక్కడ పెట్టకండి. ఏ కథ, ఎక్కడికి, ఏ తేదీన పంపారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. జవాబు రాకపోవడం ఇక్కడ మామూలే. మూడు నెలలు చూసి, వెనక్కు తీసుకుంటున్నానని ఒక మెయిల్ పెట్టి వేరేచోటికి పంపండి. మెయిల్ పెట్టకుండా పంపితే ఒకే కథ రెండుచోట్ల అచ్చయ్యే ప్రమాదం ఉంది, ఆ తర్వాత ఇద్దరు సంపాదకుల దగ్గరా మీ మాట చెల్లదు.

ఇక పుస్తకం. డబ్బు, శ్రమ ఎక్కువ పోయేది ఇక్కడే కాబట్టి వివరంగా చెప్తాను.

మీ కథలు యూనికోడ్‌లో ఉంటాయి. డీటీపీ వాళ్లలో, అంటే కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు కట్టేవాళ్లలో, చాలామంది ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తారు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు అక్షరాలు చెడిపోతాయి. ముందుగా దెబ్బ తినేవి రవత్తు, వట్రసుడి, ‘క్ష’, ఒకదాని కింద ఒకటి రెండు వత్తులున్న మాటలు, కొటేషన్ గుర్తులు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు పోయి వత్తు కింద చేరుతుంది. అందుకే మార్చిన ఫైలును మీ అసలు ప్రతి పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చాలి, ఊరికే చదివితే చాలదు. యూనికోడ్‌లోనే, ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కట్టేవాళ్లు దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా వాళ్లకే ఇవ్వండి. రేపు ఈ-బుక్ వేయాలన్నా, వెబ్‌లో పెట్టాలన్నా అదే ఫైలు పనికొస్తుంది.

ప్రూఫు మూడుసార్లు చూడాలి: మొదటిసారి అసలుతో పోల్చి, రెండోసారి పైకి చదువుతూ, మూడోసారి పేజీలన్నీ కట్టాక. మూడోసారి చూసేది పేజీ నంబర్లు, విషయసూచిక, పేజీ పైన వచ్చే కథ పేరు, తెగిపోయిన చివరి లైన్లు. వేరే ప్రూఫ్‌రీడర్‌కు ఇస్తే, కథతో పాటు ఒక పేజీ మాటల పట్టిక ఇవ్వండి: పోయిండు, వచ్చిండ్రు, గట్లనే, ఇగ, చెప్పబట్టె. ‘ఇవి తప్పులు కావు, దిద్దొద్దు’ అని పైన రాయండి. పట్టిక లేకపోతే సగంచోట్ల ‘పోయిండు’ ‘పోయాడు’ అవుతుంది, మిగతా సగం అలాగే ఉంటుంది. పాఠకుడు ఆ తప్పును మీ లెక్కలోనే రాసుకుంటాడు.

కాగితం లెక్క మీరే వేసుకోగలగాలి, అప్పుడే ప్రెస్సు ఇచ్చిన ఎస్టిమేటు అర్థమవుతుంది. మన కథల పుస్తకాలు ఎక్కువగా డెమ్మీలో 1/8 సైజులో వస్తాయి, సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. 16 పేజీలు ఒక ఫారం. 23×36 సైజు షీటులో 32 పేజీలు, అంటే రెండు ఫారాలు పడతాయి. 160 పేజీల పుస్తకానికి 10 ఫారాలు, 5 షీట్లు. 300 కాపీలకు 1500 షీట్లు. రీముకు 500 షీట్లు కాబట్టి 3 రీములు, ఆపైన వేస్టేజీ. పేజీల సంఖ్య 16తో భాగం పోయేలా సర్దుకోండి. 163 పేజీలు చేస్తే ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు పెట్టినట్టే. అంకితం, ముందుమాట, విషయసూచికను ఈ లెక్కలోనే ఇరికించాలి. ముందుమాటలు మూడు నాలుగు పెట్టడం నాకు నచ్చదు, ఒకటి చాలు. లోపల 70 జీఎస్‌ఎం (కాగితం బరువు కొలత) కాగితం, అట్టకు 250 లేదా 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, పైన మ్యాట్ లామినేషన్ సరిపోతాయి.

ఎన్ని కాపీలన్నది ఇంకో చిక్కు. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి అచ్చు వేసే పద్ధతిలో, ప్లేట్ల ఖర్చు 300 వేసినా 1000 వేసినా ఒకటే, అందుకే కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర తగ్గుతుంది. ‘ఇంకో రెండు వందలు వేయించండి సార్, తేడా పెద్దగా ఉండదు’ అని ప్రెస్సులో అంటారు, లెక్క ప్రకారం అది నిజమే. కానీ అమ్ముడుపోని కట్టలు వానాకాలం తేమకు ముడుచుకుంటాయి, గోడకు ఆనించి పెడితే చెద పడుతుంది. మొదటి పుస్తకానికి 300 దాటకండి. అంతకన్నా తక్కువే చాలనుకుంటే డిజిటల్ ప్రింటులో 50, 100 కూడా వేయించుకోవచ్చు. ఒక్కో కాపీకి ఎక్కువ పడుతుంది కానీ డబ్బు ఇరుక్కోదు.

ఐఎస్‌బిఎన్‌కు, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ నంబరుకు, డబ్బు కట్టొద్దు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, సొంతంగా వేసుకునే రచయిత కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చు పుస్తకానికి ఒక నంబరు, ఈ-బుక్‌కు వేరే నంబరు. పుస్తకం వచ్చాక 1954 నాటి చట్టం ప్రకారం 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబైలోని సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి కాపీలు పంపాలి. శ్రీకాకుళంలో 1997లో కాళీపట్నం రామారావు గారు పెట్టిన కథానిలయానికి కూడా ఒకటి పంపండి. తెలుగు కథలన్నిటినీ ఒక్కచోట దాచే పని అక్కడ జరుగుతోంది, మీ కథ కూడా అక్కడ ఉండాలి.

ధర పెట్టేటప్పుడు షాపు కమీషన్ ముందే తీసేసి చూడండి. 150 రూపాయల ధర పెట్టి 40 శాతం కమీషన్ ఇస్తే మీ చేతికి వచ్చేది 90. కాపీకి 70 ఖర్చయిందనుకుంటే 20 మిగులుతుంది. హైదరాబాద్‌కు పార్సిల్ ఖర్చు మీదే అయితే అందులోనూ కోత. పైగా షాపువాళ్లు పుస్తకం అమ్ముడుపోయాకే డబ్బు ఇస్తారు, అడిగితే తప్ప లెక్క పంపనివాళ్లూ ఉన్నారు. ఇచ్చిన కాపీలకు రసీదు తీసుకుని ఆరు నెలలకోసారి లెక్క అడగండి, మొహమాటం వద్దు. మీరే నేరుగా పోస్టులో పంపితే ఎక్కువ మిగులుతుంది. 160 పేజీల పుస్తకం 200 గ్రాముల లోపే తూగుతుంది. తపాలా శాఖ 2025లో తెచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. పుస్తకం చూపించి ఆ సేవ కింద తీసుకుంటారేమో కౌంటర్‌లో అడగండి. లోపల ప్రింటరో పబ్లిషరో పేరు అచ్చయి ఉండాలి, ప్రకటనలు ఉండకూడదు. ఆవిష్కరణ సభలో ఉచితంగా పంచడం మాత్రం మానుకోండి. చదివేవాళ్లు ఆ రోజు కొనుక్కుంటారు, ఊరికే తీసుకున్నవాళ్లలో చదివేది తక్కువమందే.

హక్కుల విషయంలో రెండు మాటలు. రాసిన క్షణం నుంచే కాపీరైటు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ తర్వాత 60 ఏళ్లు అది వారసులకు ఉంటుంది. ఎవరికైనా రాసిస్తే కాగితం మీదే రాసివ్వాలి. ఎంతకాలానికో రాయకపోతే చట్టం ఐదేళ్లుగా తీసుకుంటుంది. పోటీ నిబంధనల్లో ‘సర్వహక్కులు నిర్వాహకులవే’ అని ఉంటే, మొదటిసారి ప్రచురించే హక్కు మాత్రమే ఇస్తానని ముందే అడగండి. ఆడియో, సినిమా, అనువాదం వేర్వేరు హక్కులు, అన్నీ ఒకే సంతకంతో ఇచ్చేయొద్దు.

ఇంత చేస్తే ఏమొస్తుంది? మీ పుస్తకం వెనక ఫోన్ నంబరు వేయండి. తెలుగు పాఠకులు ఫోన్ చేస్తారు. భూపాలపల్లి నుంచి ఒక కార్మికుడు, ‘మా అన్న సంగతి మీకెట్ల తెలిసింది’ అని అడగొచ్చు. అరగంట మాట్లాడతారు, కథలో మీరు తప్పు రాసిన వివరం కూడా చెప్తారు, తర్వాతి కథకు ముడిసరుకు ఇస్తారు. ఇలాంటి పాఠకుడు దొరకడం ఈ పనిలో అన్నిటికన్నా గొప్ప సంగతి, నా మట్టుకు అవార్డు దీని తర్వాతే. రెండోది, ఇక్కడ ఉండటం వల్ల వచ్చే లాభం. హన్మకొండలో 1904 నుంచి నడుస్తున్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది, కాకతీయ యూనివర్సిటీ తెలుగు శాఖ ఉంది, కాళోజీ నడిచిన ఊరు కాబట్టి సభలకు కొదవ లేదు. మీ కథ అచ్చు కాకముందే ముఖం మీద ‘ఇది కుదరలేదు’ అని చెప్పే నలుగురు ఈ సభల్లోనే దొరుకుతారు. వాళ్లను వదులుకోకండి.

మీ పన్నెండు కథల సంగతి. డెమ్మీ పేజీలో సుమారు 200 మాటలు పడతాయి కాబట్టి 1500 మాటల కథకు ఎనిమిది పేజీలు. పన్నెండు కలిపితే 96, అంటే ఆరు ఫారాలు. పుస్తకం పలచగా ఉంటుంది, పైగా అందులో మూడైనా తీసేయాల్సినవి ఉంటాయి. ఇప్పుడు వేయకండి. ఇంకో పది రాసి, వాటిలోంచి పదహారు ఏరండి. ఈలోగా నమస్తే తెలంగాణ, ముల్కనూరు సాహితీ పీఠం కలిసి పెట్టే కథల పోటీ ప్రకటన వస్తే, ఇంకెక్కడా పెట్టని కథ ఒకటి దాచి ఉంచుకుని దానికి పంపండి.