డెబ్బై అయిదు దాటిన విచారణ గురువుకు రోజంతా పనేముంటుంది?

అడిగినవారు ఒకే ప్రశ్నలో రెండు సందేహాలు పెట్టారు. పొద్దున ఒక పూజ (మాస్) చెప్పేశాక వయసు మళ్ళిన విచారణ గురువుకు, అంటే ఒక కథోలిక గుడి పరిధిలోని విశ్వాసుల బాధ్యత చూసే ఫాదర్‌కు, మిగిలిన రోజంతా పనేముంటుందన్నది మొదటిది. డెబ్బై అయిదేళ్ళు దాటినవారికి విశ్రాంతి ఇవ్వకుండా ఇంకా ఎందుకు కొనసాగిస్తారన్నది రెండోది. నేను గురువును కాను. చాలా ఏళ్ళుగా ఒక విచారణ కార్యాలయంలో రిజిస్టర్లు రాస్తూ, అవసరమైనప్పుడు అక్కడి పెద్ద ఫాదర్ గారికి కారు నడుపుతూ వస్తున్నాను. కాబట్టి పూజాపీఠం వెనుక ఏం జరుగుతుందో వేదాంతం చదివినవారి కంటే నాకే కొంచెం ఎక్కువ తెలుసునని అనుకుంటాను.

రెండో సందేహానికి జవాబు చిన్నది. 1983 నాటి శ్రీసభ (కథోలిక సంఘం) చట్టంలోని 538వ సూత్రం, 75 ఏళ్ళు నిండిన విచారణ గురువు తన రాజీనామాను పీఠాధిపతికి (బిషప్‌కు) సమర్పించాలని కోరుతుంది. దానిని వెంటనే ఆమోదించడమా, కొంతకాలం ఆపడమా అన్నది పీఠాధిపతి నిర్ణయం. మా ఫాదర్ గారు తన లేఖను ఆలస్యం చేయకుండా పంపారు. మరొకరు దొరికేవరకు కొనసాగమని బదులు వచ్చింది. ఆ మరొకరు ఇంకా దొరకలేదు. వృద్ధ గురువులు పదవి పట్టుకుని వేలాడుతున్నారని వ్యాఖ్యానించేవారు, తమ ఇంటి పిల్లవాడిని గురువిద్యాలయానికి పంపుతామని ఒక్కసారైనా అనుకున్నారా అని అడగాలనిపిస్తుంది.

ఇక మొదటి సందేహం. ఆయన రోజు పూజతో మొదలు కాదు, బ్రేవియరీతో మొదలవుతుంది. కీర్తనలు, పఠనాలు, ప్రార్థనలు ఉన్న ఆ పుస్తకాన్ని గురువులు ప్రతిరోజూ వేళల ప్రకారం చదవాలి. అది భక్తి కొద్దీ పెట్టుకున్న అలవాటు కాదు, గురుపట్టంతో పాటు వచ్చిన బాధ్యత. కంటి శస్త్రచికిత్స తరువాత మా ఫాదర్ గారు పెద్ద అక్షరాల ప్రతి తెప్పించుకున్నారు. అది మోకాళ్ళ మీద నిలవనంత బరువు. గుడిలో దీపాలు వేయకముందే, మొదటి బల్ల దగ్గర చిన్న బల్బు కింద దానిని తెరిచి, తన గొంతు తనకు వినబడేంత గట్టిగా చదువుకుంటారు. వినికిడి యంత్రాన్ని పూజ వేళకు గాని పెట్టుకోరు. బ్యాటరీ ఆదా అవుతుందంటారు.

పూజ ఎవరి ఉద్దేశం కోసమో ఆ పేరు ముందుగానే నా రిజిస్టరులో ఉంటుంది. పూజ చెప్పించుకునేవారు ఇచ్చే ఒక కానుకకు ఒక పూజ అన్నది నియమం. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఆదివారాల్లోను, విధిగా ఆచరించవలసిన పండుగల్లోను విచారణ గురువు చేసే పూజల్లో ఒకటి ఏ కానుకా లేకుండా తన విచారణ ప్రజలందరి కోసం సమర్పించాలి. ఆయనను ఒక్క మాటతో తీసిపారేసే మనిషి పేరున కూడా ఆ పూజ జరుగుతుందన్నమాట. ఆదివారం ఒక్క పూజేనన్న అంచనా కూడా తప్పు. మామూలుగా గురువు రోజుకు ఒక పూజే చేయాలి. గురువుల కొరత ఉన్నచోట, పీఠాధిపతి అనుమతితో, తగిన కారణం ఉంటే మామూలు రోజుల్లో రెండు, అవసరాన్ని బట్టి ఆదివారాల్లో మూడు వరకు చేయవచ్చు. మా ఫాదర్ గారికి చాలా ఆదివారాలు ఆ మూడోది తప్పదు. మధుమేహం ఉన్న మనిషి రెండు పూజల మధ్య ఏదైనా నోట్లో వేసుకుంటే ఓరచూపు చూసేవారున్నారు కనుక చెబుతున్నాను: సత్ప్రసాదం (పూజలో స్వీకరించే అప్పం) తీసుకునే ముందు గంట ఉపవాసం ఉండాలన్న నియమం, ఒకే రోజు రెండోసారి, మూడోసారి పూజ చేసే గురువుకు సడలింపు ఇస్తుంది. వృద్ధులకూ రోగులకూ ఆ సడలింపు ఎలాగూ ఉంది.

పూజ తరువాత కార్యాలయం. ఇక్కడ నా సొంత గోడు కొంత వినవలసి ఉంటుంది. జ్ఞానస్నాన (బాప్తిస్మ) పత్రం కోసం పెళ్ళి ముహూర్తం మీద పడ్డాక పరుగెత్తుకొచ్చేవారు, ఎప్పుడు జ్ఞానస్నానం పొందారో, అప్పటి జ్ఞాన తల్లిదండ్రులు (గాడ్‌పేరెంట్స్) ఎవరో తెలియకుండానే వస్తారు. పాత పత్రం ఇంట్లో ఉందిగా, కొత్తది ఎందుకని మాతో వాదిస్తారు. జ్ఞానస్నానపు రిజిస్టరులో ఆ మనిషి వివాహం, భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని దృఢపరిచే సంస్కారం), గురుపట్టం వంటివన్నీ పక్కనే నమోదవుతాయి. అందుకే ఇటీవల తీసిన నకలు కావాలంటారు. ఇదంతా నేను చెబితే వినరు, ఫాదర్ గారినే పిలవమంటారు. ఆయన వచ్చి, సంవత్సరం అడగకుండా, మీ అమ్మగారి పెళ్ళి వానలో జరిగింది కదా అని మొదలుపెట్టి, సరిగ్గా ఆ సంపుటమే తీయిస్తారు. ఇంత జ్ఞాపకం ఏ కంప్యూటరులోనూ లేదు. మా దగ్గర ఉన్న కంప్యూటరు సంగతి చెప్పకపోవడమే మంచిది.

అయితే ఆయన పని ఎక్కడుందో చూడాలంటే కార్యాలయంలో కాదు, రోగుల మంచాల దగ్గర చూడాలి. ఒక రాత్రి జరిగింది చెబుతాను.

మా విచారణలో ఒక పెద్దమనిషి ఉన్నారు. గుడి మరమ్మతుల లెక్కల దగ్గర ఒకప్పుడు ఫాదర్ గారితో మాటామాటా పెరిగి, గుడికి రావడమే మానేశారు. తరువాత మంచాన పడ్డారు. ఇంటివారు చివరి ఘడియ వచ్చిందనుకునేదాకా మాకు కబురు చేయలేదు. గురువు గుమ్మంలోకి వస్తే రోగి భయపడతాడట. ఈ భయాన్ని ఎవరు పుట్టించారో గాని, దాని వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. 1963లోనే, ప్రపంచ పీఠాధిపతులు కూడిన రెండవ వాటికన్ మహాసభ, రోగులకు తైలం పూసే అభ్యంగనం ప్రాణం పోయే వేళకు మాత్రమే పరిమితమైన సంస్కారం కాదని, జబ్బు వల్ల గాని వార్ధక్యం వల్ల గాని అపాయం మొదలైనప్పుడే దానికి తగిన సమయం వచ్చినట్టని స్పష్టంగా చెప్పింది. ఇన్ని దశాబ్దాలు గడిచినా మనవాళ్ళు ఊపిరి ఎగబోసుకుంటున్నప్పుడే ఫోను చేస్తారు.

మేము వెళ్ళేసరికి ఇల్లంతా జనం. స్పృహ ఉండీ లేనట్టుంది, లేపకుండా నూనె రాసేయండి ఫాదర్ గారూ అని పెద్దకొడుకు తొందరపెట్టాడు. ఫాదర్ గారు కుర్చీ అడిగి మంచం పక్కన కూర్చున్నారు. ఏమయ్యా, నామీద కోపం ఇంకా ఉందా అని రోగి చెవి దగ్గర అడిగారు. ఆ మనిషి కళ్ళు తెరిచి, ఉందన్నట్టు తల ఊపారు. అయితే ముందు ఆ సంగతి తేల్చుకుందాం అని, అందరినీ బయటికి వెళ్ళమన్నారు. పాపసంకీర్తనం, అంటే మనిషి తన పాపాలను గురువు దగ్గర చెప్పుకోవడం, వినడానికి ఆయనకున్న ఇబ్బంది అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఎదుటివారు గట్టిగా చెబితే తప్ప ఆయనకు వినబడదు. గట్టిగా చెబితే పక్కగదికి వినబడుతుంది. దానికి ఆయన ఏనాడో ఉపాయం కనిపెట్టుకున్నారు. మనవడిని పిలిచి, ముందుగదిలో టీవీ పెద్దగా పెట్టమని, మధ్యలో ఉన్న రెండు తలుపులూ వేయమని చెప్పారు. వెళుతున్న మమ్మల్ని ఆపి, పొరపాటున ఒక్క మాట మీ చెవిన పడినా అది నాతో పాటు మీరూ దాచవలసిందేనని హెచ్చరించారు. శ్రీసభ చట్టం కూడా సరిగ్గా ఇదే చెబుతుంది: పాపసంకీర్తన రహస్యం వినే గురువుకే కాదు, ఏ విధంగానైనా దానిని తెలుసుకున్న ప్రతివారికీ వర్తిస్తుంది. గురువు నేరుగా దానిని బయటపెడితే ఆ క్షణమే వెలివేతకు గురవుతాడు.

ఆ విధంగా ఇంటిల్లిపాది, మాట్లాడుకునే వీలు కూడా లేకుండా, ఎవరికీ అక్కరలేని వార్తలను ఆ అర్ధరాత్రి పూట చాలాసేపు చూశాం. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు, తెలిసినా రాయను. తలుపు తెరిచాక జరిగింది మాత్రం దగ్గరగా చూశాను. తైలపు డబ్బీ బొటనవేలంత ఉంటుంది, లోపల దూది, దాని మీద పీఠాధిపతి ఆశీర్వదించిన తైలం. మూత తీయడానికి ఆయన వేళ్ళు సహకరించలేదు, నేను తీసి ఇచ్చాను. కుడిచేయి వణుకుతున్నందుకు, ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని, రోగి నుదుటి మీద, రెండు అరచేతుల మీద తైలం పూశారు. ఆ తరువాత సత్ప్రసాదంలో చిన్న తునక విరిచి, చెంచాడు నీళ్ళతో ఇచ్చారు. తొందరపెట్టిన పెద్దకొడుకు మోకాళ్ళ మీద ఉన్నాడు.

ఇందులో అద్భుతం ఏమీ ప్రకటించడం లేదు. వైద్యులు మందు మార్చారు, ఆ పెద్దమనిషి కోలుకున్నారు. కొంతకాలానికి కర్ర పట్టుకుని ఆదివారం పూజకు వచ్చి, మూడో బల్లలో కూర్చుని, పూజ అయ్యాక నా దగ్గరికి వచ్చి మరమ్మతుల లెక్క ఇప్పటికైనా తేలిందా అని అడిగారు.

యువ గురువులు ఈ పని చేయలేరని అనను. కాని నా గట్టి అభిప్రాయం ఇది: మనిషి తన జీవితంలో సిగ్గుపడే మాటను చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు వయసు మళ్ళిన గురువు దగ్గరికే వెళ్తాడు. మా దగ్గర సహాయ గురువుగా పనిచేసిన చురుకైన యువకుడి పాపసంకీర్తన పీట ముందు వరుస ఎప్పుడూ పొట్టిగానే ఉండేది. చెవి వినబడని పెద్దాయన ముందు మాత్రం గోడ దాకా ఉండేది. వినబడదు కాబట్టే వెళ్తున్నారని ఆ యువకుడే హాస్యమాడేవాడు. కావచ్చు. అయినా నా అభిప్రాయం మారలేదు.

ఈ సందర్భంలో అందరూ పునీత (సెయింట్) జాన్ మరియ వియాన్నీని ఉదాహరణగా తెస్తారు. ఫ్రాన్సులోని ఆర్స్ అనే కుగ్రామానికి 1818లో వెళ్ళి, జీవితాంతం అక్కడే సేవచేసి, రోజులో ఎక్కువ గంటలు పాపసంకీర్తనాలు వింటూ గడిపిన గురువు ఆయన. 1929లో పదకొండవ పయస్ పోపు గారు ఆయనను విచారణ గురువులందరికీ పాలక పునీతుడిగా ప్రకటించారు. ఆయనలాగా పనిచేయాలని వేదికల మీద చెప్పేవారు, ఆ బరువు మోయలేక ఆయన ఒకటికి మించిన సార్లు ఆర్స్ విడిచి వెళ్ళిపోవాలని చూశారన్న సంగతి మాత్రం చెప్పరు. ఆయన 1859లో 73వ ఏట మరణించారు. అంటే మనం ఇవాళ రాజీనామా అడిగే వయసుకు ఆయన చేరనేలేదు. పునీతుడికే దుర్భరమైన బరువును ఒక వృద్ధుడి మీద పెట్టి, పైగా ఖాళీగా ఉంటున్నాడా అని అడగడం సరికాదు.

విశ్రాంతి ఇవ్వాలన్న మాటతో నాకు పేచీ లేదు. దేని నుంచి అన్న దగ్గరే ఉంది. నీళ్ళ పంపు చెడిపోతే ఆయనకే ఫోను. మైకు కూస్తే ఆయనకే ఫిర్యాదు. ప్రహరీ గోడకు సున్నం ఎవరు వేయాలన్న వివాదం ఆయన భోజనం బల్ల దగ్గరికే వస్తుంది. నిలబడలేకపోతున్నారని మాత్రం పూజ మానిపించాలని చూస్తారు. వృద్ధాప్యం వల్ల నిలబడలేని గురువు కూర్చుని పూజ చేయవచ్చని శ్రీసభ చట్టమే చెబుతోంది, ప్రజల ముందు అలా చేయడానికి పీఠాధికారుల అనుమతి ఉంటే చాలు. చూపు పోయిన గురువుకు సైతం, పక్కన తోడుగా ఒకరు నిలబడితే పూజ చేసే వీలుంది. పంపుకూ ప్రహరీకీ ఇంత ఏర్పాటు ఎవరూ రాసిపెట్టలేదు, ఎందుకంటే అవి గురువు చేయవలసిన పనులే కావు. ప్రతి విచారణలో ఆర్థిక సంఘం ఉండాలని 537వ సూత్రం ఉన్నది ఇందుకే.

మాకూ ఆ సంఘం కాగితం మీద ఉండేది. కోలుకుని వచ్చిన ఆ పెద్దమనిషినే ఫాదర్ గారు అందులోకి పిలిచి, లెక్కల పుస్తకాలన్నీ ఆయన ముందు పెట్టించారు. పాత మరమ్మతుల లెక్కలో తేడా ఏమీ దొరకలేదన్నది ఆయన ఇంకా ఒప్పుకోలేదు, వెతుకుతున్నారు. ఈలోగా పంపు, మైకు, ప్రహరీ ఫోన్లన్నీ ఆయనకే వెళ్తున్నాయి, మధ్యాహ్నం పూట ఫాదర్ గారు ఒక గంట నిద్రపోగలుగుతున్నారు. చట్టరీత్యా విచారణ తరఫున వ్యవహరించవలసినది విచారణ గురువే కనుక చెక్కు మీద సంతకం మాత్రం ఆయనే పెట్టాలి. చేయి వణకడం వల్ల సంతకం పాతదానితో కలవలేదని బ్యాంకు మొన్న మళ్ళీ ఒక చెక్కు తిప్పి పంపింది. కొత్త నమూనా సంతకం ఇవ్వడానికి ఆయనను స్వయంగా తీసుకురమ్మన్నారు. రోగుల దర్శనం లేని రోజు చూసి తీసుకెళ్ళాలి. ఈ వారంలో అలాంటి రోజు కనిపించడం లేదు.