సంతకం పెట్టే ముందు ఆ గడ్డి ఎవరిదో కనుక్కో

అమ్మణ్ణీ,

ఫ్రాన్స్‌లో నార్మండీ వైపు పదెకరాల పొలం, గుర్రాల కొట్టం, పాత ఇల్లు చూసుకున్నావంట. మీ అమ్మ చెబితే తెలిసింది. ముందు నాకు చెప్పలేదని కోపమొచ్చింది గానీ అది సాయంత్రం దాకా నిలవలేదు. చిన్నప్పుడు నా వెంట పశువుల ఆసుపత్రికి వచ్చి లేగదూడను ముట్టుకోడానికి కూడా జంకిన పిల్ల ఇంగ్లండ్‌లో గుర్రాలకు శిక్షణ ఇస్తోందని పొద్దున నడకలో కనపడిన ప్రతివాడికీ చెప్పుకుంటుంటాను. "అన్నీ నేను చూసుకుంటాలే" అని మీ అమ్మకు మాటిచ్చేశాను. కాబట్టి ఓపిగ్గా చదువు.

కాగితాల పని నీకు తెలిసిందే. 2021 జనవరి నుంచి ఇంగ్లండ్ గుర్రం ఫ్రాన్స్‌లో అడుగు పెట్టాలంటే రక్తపరీక్ష, ప్రభుత్వ గుర్తింపు ఉన్న వెట్, అంటే పశువుల డాక్టరు, ఇచ్చే సర్టిఫికెట్, కాలే రేవు లాంటి చోట సరిహద్దు తనిఖీ తప్పవు. కాపురం మారుస్తూ తీసుకుపోయే సవారీ గుర్రాలకు సుంకం మినహాయింపు ఉంది. అయితే అవి కనీసం ఆరు నెలలుగా నీ దగ్గరున్నవై ఉండాలి, పోయాక ఏడాది దాకా అమ్మకూడదు. వాటిని కొన్న రసీదులు పారేయలేదు కదా?

ప్రయాణంలో మాత్రం డ్రైవర్ మాట వినొద్దు. తల దించే వీలు లేకుండా పొట్టి తాడుతో గంటల తరబడి కట్టేస్తే ముక్కులో, గొంతులో చేరిన దుమ్మూ చీమిడీ కిందికి జారే దారి లేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దిగిన రెండో రోజుకి జ్వరం. మధ్యమధ్యలో ఆపించు, తల వంచనివ్వు, నీళ్లు చూపించు. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు, లోపల ఇరుక్కున్నది పైకి రాదు, అది మర్చిపోకు. తిరుపతిలో జట్కాలు తిరిగే రోజుల్లో స్టేషన్ దగ్గర ఎన్ని గుర్రాలు నీళ్లు లేక, ఎండుగడ్డి పేగుల్లో ఇరుక్కుని దొర్లాడాయో చూశాను. డొక్కకు చెవి ఆనించి వింటే గుడగుడమని చప్పుడు రావాలి. చప్పుడు లేకపోతే రాత్రా పగలా అని చూడకుండా వెట్‌ను పిలువు.

ఇక అసలు సంగతి. మీ తాత పలమనేరు దగ్గర మామిడి తోట కొన్న కథ నీకు సగమే తెలుసు. ఎండాకాలంలో పోయి చూశాడు. చెట్లు కాపు మీదున్నాయి, బావిలో నీళ్లున్నాయి, అమ్మేవాడు కూర్చోబెట్టి టెంకాయ నీళ్లిచ్చాడు. పట్టా సరిగ్గా ఉంది. రిజిస్ట్రేషన్ అయిపోయింది. వానలు పడ్డాక ఎద్దుల్ని తోలుకుని పోతే, చెట్ల మధ్య ఖాళీలో ఒకాయన అప్పటికే దుక్కి దున్ని చెనక్కాయ వేస్తున్నాడు. "మీరెవురు సామీ?" అని మా నాయన్నే అడిగాడు. పాపం, ఆయన దొంగేం కాదు. ఏళ్ల తరబడి నోటిమాట మీద కౌలు చేసుకుంటున్నాడు. అడంగల్లో పట్టాదారు గడి చూసిన మా నాయన, పక్కనే ఉన్న అనుభవదారు గడి, అంటే పొలం సాగు చేసేవాడి పేరు రాసే గడి, చూడలేదు. ఆ గడిలో ఆయన పేరు నిక్షేపంగా ఉంది. చిత్తూరు కోర్టు వాయిదాలకు తిరిగి తిరిగి, చివరికి ఒక ఎకరా ఆయనకు వదిలి రాజీ పడ్డారు. మీ అమ్మ టీచర్ ట్రైనింగ్‌కని దాచిన డబ్బు వకీలుకు పోయింది. ఆ మాట అది నోరు తెరిచి ఎప్పుడూ అనదు. పొలం అంటేనే దానికి టెన్షన్ ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

మీ అమ్మ నాకు పంపిన ఫోటోల్లో కంచె పక్కన గడ్డి కోసి చుట్టిన పెద్ద పెద్ద చుట్టలున్నాయి. అమ్మేది ముసలి దంపతులు, వాళ్లకు పశువుల్లేవని నువ్వే చెప్పావంట. మరి ఆ గడ్డి కోసిందెవరు?

అక్కడి కౌలు చట్టం తీరిగ్గా చదివాను. నోటిమాట కౌలు కూడా చెల్లుతుంది. మామూలుగా తొమ్మిదేళ్లకు తక్కువ ఉండదు. పొలం అమ్మితే కౌలు కొత్త యజమాని మీదకొస్తుంది, కొనడానికి తొలి హక్కు కూడా కౌలుదారుకే రావచ్చు. వీళ్లు గాక సాఫెర్ అని సాగుభూముల సంస్థ ఒకటుంది. దానికీ ముందుగా కొనే హక్కుంది, జవాబు చెప్పడానికి రెండు నెలల గడువుంది. అందుకని పక్క రైతు దగ్గరికి స్వయంగా పో. "గడ్డి నువ్వే కోస్తున్నావా? ఊరికేనా, ఏమైనా ఇస్తున్నావా?" అని అడుగు. పొలం ఎవరి కౌల్లోనూ లేదని నోటరీ (అక్కడ ఆస్తి కాగితాలు రాసే అధికారి) చేత ఒప్పందంలోనే రాయించు. సంతకం అయ్యాక ఇంటి కొనుగోలులో మనసు మార్చుకోడానికి పది రోజులుంటాయిలే అని ధీమా పడొద్దు. కొన్నాక నువ్వు కూడా మొహమాటానికి పోయి ఏటేటా ఎవరికీ గడ్డి ఇవ్వొద్దు. డబ్బు కాకపోయినా, బదులుగా కంచె బాగుచేసిపెట్టాడన్నా, అది కౌలు కిందికి వచ్చే ప్రమాదముంది.

నార్మండీ పచ్చిక చూసి మురిసిపోకు. వసంతంలో ఆ గడ్డి మీద ఒక్కసారిగా వదిలితే గిట్టల్లో వాపొచ్చి గుర్రం నిలబడలేదు. రోజుకు కాసేపు మొదలుపెట్టి పెంచు. సికమోర్ అనే మేపుల్ జాతి చెట్లుంటే వాటి గింజలు, మొలకలు విషం, ఆ పక్కకు కంచె వేయించు. గుర్రాలుండే చోటును అక్కడి గుర్రాల సంస్థలో నమోదు చేయించాలి, మూడు గుర్రాలైతే ఒక వెట్‌ను కూడా పేరు పెట్టి చూపించాలి.

డబ్బు చాలకపోతే అడుగు, మొహమాటపడొద్దు. మా కోడలు నవ్వుతుంది గానీ ఇస్తుంది.

ఆ ముసలి ఆడగుర్రానికి పళ్లు అరగదీయించి ఎన్నాళ్లయింది? మేత నమిలి నమిలి ఉండలుగా రాలుస్తోందని మీ అమ్మతో అన్నావంట. ప్రయాణం పెట్టుకోకముందే ఆ పని చేయించి నాకు రాయి.

నీ మామయ్య
తిరుపతి