నేలరేగు పెట్టబోతున్న నా బిడ్డకు

బిడ్డా,

దేవరకొండల కొత్తింటి వెనక ఏటవాలు జాగకు బండలు పరిపించకుండ మట్టి కొట్టుకపోకుండ పట్టి ఉంచే ముండ్ల పొద నేలరేగు పెడతనన్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. గర్వమనిపించింది. ఆ రాత్రి నిద్ర కూడ పట్టలేదు.

నాటుడు పెద్ద పని కాదు. ఇప్పుడు పండ్లున్నయి, గింజ పెంకు మెల్లగ పగలగొట్టి, లోపలి విత్తు ఒక రాత్రి నానేసి, పొడుగాటి కవర్లల్ల పెట్టు. తల్లివేరు లోతుకు పోతది, పొట్టి కుండీ పనికిరాదు. మృగశిర వానకు నేల తడిసినంక మూడేసి అడుగులకొకటి నాటు. మేకలను రానియ్యకు, ఆ ఆకంటే వాటికి ప్రాణం.

నా భయమంత ఎండాకాలంది. అప్పుడు నేలరేగు ఆకు రాల్చి, ఉత్త ముండ్ల కంపలెక్క పడి ఉంటది. మన ఆముదాల చెలకకు పై ఒడ్డు పొడుగునా అదే ఉండేది. ఒక వేసవిల మీ తాత అది చచ్చిందనుకున్నడు. మా అమ్మ వద్దన్నా వినలే. కూలోళ్లను పెట్టి గడ్డపారలతోటి పెకిలించి, పొయ్యికింద కట్టెలకని ఇంటికి మోపించిండు. తెగిన వేర్లు లోపల పచ్చిగనే ఉన్నయి. అప్పటికైనా ఆపితే బాగుండు, సగం పనిల ఆపుడేందన్నడు. తొలి పెద్దవానకే ఒడ్డు తెగింది. ఎర్రమట్టి కొట్టుకపోయి కింది మడిల మేటేసింది, చెలకల మొరం తేలింది. కొన్ని ఏండ్లు అక్కడ ఆముదం మోకాలెత్తు దాటలే. మళ్ల గింజలేసి, పిలకలు పాకి, ఒడ్డు నిలబడేసరికి ఆయన తల నెరిసింది.

నువ్వూ ఆయన మనుమరాలివే, అంతే తొందర. చిన్నప్పుడు తులసి వాడితే గంటగంటకు నీళ్లు పోసి కుళ్లబెట్టినవు, ఆనక ఏడ్చుకుంట నా ఒళ్లనే పండుకున్నవు. ఈసారి గట్ల చెయ్యకు. అనుమానమొస్తే కొమ్మ మీద గోటితోటి గీకు. లోపల పచ్చగుంటే బతికున్నట్టే. బోరు నీళ్లు గుమ్మరించకు. ఆకు లేనప్పుడే, వానలకు ముందు, కొమ్మలు కత్తిరించు. కాయ కొత్త చిగురు మీదనే వస్తది.

ఇంకోటి మర్చిపోకు. దాని ముండ్లు జంటగ ఉంటయి: ఒకటి సూటిగ, ఒకటి కొంకిగ. కొంకిది బట్టను పట్టిందంటే విడువదు. బాబు తిరిగే దారి పక్కన రెండడుగులు ఖాళీ వదులు, పిలకలొస్తే అక్కడ్నే తెంపు. కింద పాములు చేరకుండ చెత్త ఊడ్పించు. చెప్పుల్లేకుండ వాణ్ని అటు పోనియ్యకు.

గింజలు చాలకపోతే చెప్పు, మన ఒడ్డు మీదియి ఏరి పంపిస్త.

మీ పెద్దనాయన