మంగలి కత్తి మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మంగలి కత్తితో మొదటిసారి గడ్డం గీసుకోవాలనుకునేవాళ్లు ఏం కొనుక్కోవాలి, కొన్నది ఎలా చూసుకోవాలి అన్నది మంచి విషయం, నీ భాష కూడా తేటగా ఉంది. కానీ ఆరు పేజీల్లో అయిదు ఏ కత్తి కొనాలన్నదానికే పోయాయి. గీసుకునే ముందు కత్తి పదును సరిచేసుకునే తోలు పట్టీకి ఒక్క పేరా, తుడిచి ఆరబెట్టడానికి ఒక్క వాక్యం. ఇన్నేళ్లుగా ఇదే కత్తితో గీసుకుంటున్నాను కాబట్టి చెప్తున్నా, ఈ లెక్క తిరగెయ్యి. కత్తి కొనేది ఒక్కసారే, పట్టీతో పని మాత్రం గీసుకున్న ప్రతిరోజూ ఉంటుంది.

కత్తి సంగతి ఒక పేజీలో తేల్చెయ్. జర్మనీలో జోలింగెన్, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ కత్తులకి పేరుపడ్డ ఊళ్లని చెప్పు, రెండు వాక్యాలు చాలు. కొత్తవాడికి కావాల్సింది 5/8 లేదా 6/8 అంగుళాల వెడల్పున్న అలుగు (అంటే బ్లేడు), గుండ్రటి కొన. కొన మూల తేలి ఉంటే చెవి దగ్గరా ముక్కు కిందా మనకి తెలియకుండానే గుచ్చుకుంటుంది. కార్బన్ స్టీలా స్టెయిన్‌లెస్సా అన్న చర్చకి నువ్వు రెండు పేజీలు పెట్టావు. మొదటిది నూరడం తేలిక, తుప్పు త్వరగా పడుతుంది, రెండోది తుప్పుకి కాస్త తట్టుకుంటుంది గానీ సానరాయి మీద ఎక్కువసేపు నూరాల్సి వస్తుంది. కొత్తవాడికి ఇంతకుమించి అక్కర్లేదు. పాత కత్తి కొనేవాళ్ల కోసం మాత్రం ఒక మాట చేర్చు: అలుగు మధ్యలో నల్ల మచ్చలున్నా పర్లేదు, తెగే అంచు మీదే తుప్పు గుంటలు ఉంటే, సన్నటి పగులు కనిపిస్తే వదిలెయ్యాలి. అన్నట్టు, నువ్వు ప్రతిచోటా ఎడ్జ్ అని రాశావు. తెగే అంచుకి మనకి వాదర అనే చక్కటి మాట ఉంది, దాని ఎదుటి మందపాటి వైపుని వెన్ను అను, చదివేవాడికి కత్తి కళ్లముందు నిలబడుతుంది.

నువ్వు అసలు రాయని సంగతి ఒకటుంది. కొత్త కత్తి అన్నంత మాత్రాన అది గీసుకునే పదునుతో వస్తుందని కాదు. ఫ్యాక్టరీ పదునుతో వచ్చిన చాలా కత్తులు చెంప మీద వెంట్రుకని కొయ్యవు, పీకుతాయి. చర్మం మండిపోతుంది, తప్పు తన చేతిదే అనుకుని పాపం కొత్తవాడు ఆ కత్తిని మూలన పడేస్తాడు. అందుకే కొనేముందు అమ్మేవాళ్లని 'దీన్ని చేత్తో నూరి, నేరుగా గీసుకునేలా చేసి ఇస్తున్నారా' అని అడగమని రాయి. కాదంటే తెలిసినవాళ్ల చేత ఒకసారి నూరించుకోవాలి. మొదటి నెలలోనే సానరాళ్లు కొనవద్దని కూడా గట్టిగా చెప్పు. 1000 గ్రిట్ రాయితో (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) మొదలుపెట్టి 8000, 12000 దాకా వెళ్లడం విడిగా నేర్చుకోవాల్సిన పని, పైగా పట్టీ సరిగ్గా వాడితే ఒకసారి నూరిన పదును నెలల తరబడి నిలుస్తుంది.

ఇక పట్టీ. నీ పేజీలన్నీ ఇక్కడ ఖర్చుపెట్టు.

'కత్తిని తోలు మీద అటూ ఇటూ రుద్దాలి' అని రాశావు. ఆ వాక్యం నమ్మి చేసినవాడు పట్టీని కోసేస్తాడు. నాకూ మొదట్లో ఇలాగే ఎవరో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు, రెండో రోజే పట్టీ చివర్లో కత్తిని వాదర వైపు తిప్పాను, చిన్న చప్పుడు, చూస్తే తోలు మీద నెలవంకలా గాటు, కత్తి పదునూ పోయింది. అసలు జరగాల్సిందేమిటంటే, వెన్ను ముందు నడవాలి, వాదర దాని వెనకే రావాలి. చివరికి రాగానే చెయ్యి ఆపి, అలుగుకీ పిడికీ మధ్యనున్న సన్నటి మెడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించాలి. వెన్ను తోలుని వదలకూడదు, వాదర పైకి లేచి అవతలి వైపు వాలాలి, అప్పుడే వెనక్కి లాగడం. పట్టీ బిగువుగా ఉండాలి, వేలాడితే వాదర గుండ్రబడిపోతుంది. నొక్కడం అస్సలు వద్దు, కత్తి బరువు చాలు. పట్టీకి ఉండే గుడ్డ వైపు ఓ ఇరవై సార్లు, తోలు వైపు యాభై దాకా. చప్పుడు వినమని కూడా రాయి, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకేలా వినిపించాలి, ఒకవైపు గరుకుగా ఉంటే చెయ్యి ఆ వైపు బరువేస్తోందన్నమాట. గాట్లు ఎలాగూ పడతాయి కాబట్టి మొదటి పట్టీ ఖరీదైనది కొనొద్దు.

తుడవడం గురించి నువ్వు 'శుభ్రంగా తుడవాలి' అని వదిలేశావు. ఎక్కడ తుడవాలి? అలుగు బయటికి పొడిగా కనిపిస్తుంది, నీళ్లు మాత్రం పిడి రేకుల మధ్య, మేకు ఉన్న చోట దాక్కుంటాయి. ఒక్క చుక్క రాత్రంతా ఉంటే చాలు, పొద్దున్నకి అక్కడ ఎర్రటి గీత. మెత్తటి గుడ్డతో వెన్ను నుంచి వాదర వైపుకి తుడిచి, ఆ సందులోకి పల్చటి కాగితం దూర్చి తడి లాగెయ్యాలి, కత్తిని కాసేపు తెరిచి ఉంచాలి, కొన్నాళ్లు వాడనప్పుడు ఒక చుక్క మినరల్ ఆయిల్ పుయ్యాలి. బాత్రూంలో మాత్రం పెట్టకూడదు, ఆ తేమ చాలు దాన్ని పాడుచెయ్యడానికి.

బ్రష్, సబ్బు, పటిక గురించి రాసింది బాగుంది, ముట్టుకోకు. బ్లేడు మార్చుకునే కత్తి కూడా ఇలాంటిదేనన్న వాక్యం తీసెయ్, దానికి పట్టీ అక్కర్లేదు, చిన్న పొరపాటుకే చర్మం తెగుతుంది, చేతికి తెలిసే తీరే వేరు. మొదటి రోజు చెంపలు రెండే గీసుకుని, గడ్డం కిందా మూతి దగ్గరా మామూలు రేజర్ వాడమని చేర్చు. చర్మం బిగబట్టి, కత్తిని 30 డిగ్రీల వాలులో పెట్టి, వెంట్రుక వాలిన దిక్కుకే లాగాలి. టెన్షన్‌గా ఉన్న రోజు, హడావుడి ఉన్న రోజు అసలు ముట్టుకోవద్దని కూడా రాయి.

నువ్వింకా పట్టీ పట్టలేదని ఆ పేరా చదివితేనే తెలుస్తోంది. ఒక పట్టీ తెచ్చుకుని, పదునులేని వెన్న కత్తితో రెండు వారాలు చెయ్యి తిప్పడం అలవాటు చేసుకో, తర్వాత అసలు కత్తి పట్టు. అప్పుడు ఆ ఒక్క పేరా మళ్లీ రాసి పంపు, మిగతా పేజీలు తర్వాత చూద్దాం.

నీ అన్నయ్య