నాలుగింటి ఎండ ఫోటోలో కనపడదు

ప్రశ్న: "అందమైన ఇళ్లు, ఇంటీరియర్లు, గార్డెన్ రూమ్‌ల ఫోటోలు చూస్తే నాకు భలే ఇన్‌స్పిరేషన్ వస్తుంది. వాటిలోంచి మన ఇంటికి పనికొచ్చేది ఎలా ఏరుకోవాలి?"

దీనికి జవాబు చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఫోటో చూసి మోజుపడి గది కట్టించి, అందులో రెండేళ్లు బట్టలు ఆరేసుకున్నవాణ్ని.

ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఇంటి వెనక పెరట్లోకి పొడుచుకొచ్చిన గది. మూడు పక్కలా అద్దాలు, పైకప్పూ అద్దమే. లోపల ఒక పేము కుర్చీ, దాని చేతి మీద జానెడు ఎండ, పక్కన ఫెర్న్ కుండీ, చిన్న బల్ల మీద సగం చదివి బోర్లించిన పుస్తకం. ఆ పుస్తకం చదువుతున్నది నేనేనని, ఇప్పుడే లేచి లోపలికి వెళ్లానని అనిపించేది. ఏడాదిపాటు ఎవరు దొరికితే వాళ్లకు చూపించాను. చివరికి మేస్త్రీకి కూడా చూపించాను.

ఆయన ఫోన్ అందుకుని ఫోటో పెద్దది చేసి చూశాడు. ఒకసారి తలెత్తి పెరటి వైపు చూశాడు. "ఇది పడమర సార్. పొద్దు వాలేటప్పుడు తిన్నగా మొహాన కొడుతుంది. పైన పెంకు వేసుకుందాం, ఇటు పక్క సగం దాకా గోడ లేపుదాం" అన్నాడు. "గోడే లేపితే ఇంక గార్డెన్ రూమ్ ఏమిటయ్యా" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ముప్పై ఏళ్లు ఎండలో నిలబడి పనిచేసిన మనిషి ఎండ గురించి ఒక మాట చెబితే, ఏసీ గదిలో కూర్చుని ఫోన్ చూసుకునే నేను కొట్టిపారేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గది చలికాలంలో పూర్తయింది. అదే కొంప ముంచింది. మొదటి రెండు నెలలూ స్వర్గమే. వచ్చినవాళ్లందరూ అక్కడే కూర్చుని ఫోటోలు తీసుకున్నారు. నేను నిజంగానే పుస్తకం బోర్లించి పెట్టాను.

తర్వాత ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి పుస్తకం కోసం లోపలికి వెళ్లాను. తలుపు తీయగానే ఇస్త్రీపెట్టె మొహం దగ్గర పెట్టినట్టు కొట్టింది. ఫెర్న్ ఆకులు అంచుల దగ్గర గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. పుస్తకం అట్ట విల్లులా వంగింది. బల్ల మీద గాజు గ్లాసులో తెల్లటి పొడుగు కొవ్వొత్తి ఒకటి పెట్టాను, ఫోటోలో ఉందని. అది నడుం దగ్గర మెత్తబడి, మెల్లగా వంగి, తల గ్లాసు అంచు దాటి బయటికి వేలాడుతోంది. దాన్ని ఒక్కసారి కూడా వెలిగించలేదు. ఫోన్ తీసి ఫోటో తీద్దామనుకుంటే, వేడెక్కిపోయానని అదే ఒక హెచ్చరిక చూపించి కెమెరా ఆపేసింది. అప్పుడు మా ఆవిడ గుమ్మంలోంచి తొంగిచూసి, చాలా మామూలుగా, "బట్టలు ఆరేసుకోడానికి బాగుంటుందండీ ఇది" అంది. మర్నాడే తాడు కట్టింది. అరగంటలో దుప్పటి ఆరిపోయేది.

ఇందులో మర్మమేం లేదు. ఎండ అద్దంలోంచి సులువుగా లోపలికి వస్తుంది, నేల మీదా కుర్చీ మీదా పడి వేడిగా మారుతుంది, ఆ వేడికి మళ్లీ అద్దం దాటి పోవడం అంత సులువు కాదు. కాగిన గాలి పైనుంచి పోదామంటే అక్కడా అద్దమే. లోపల మందపాటి కర్టెన్లు వేస్తే సరిపోతుందనుకుని వేయించాను. ఎండ లోపలికి వచ్చేశాక కర్టెన్ ఆపేదేముంది? అదే కాగి గదిని ఇంకా కాస్తుంది. నీడ అద్దానికి బయట ఉండాలి. ఇంకో సంగతి, చూరు ఎంత పొడుగ్గా దించినా పడమటి ఎండకి లెక్కలేదు. మధ్యాహ్నం సూర్యుడు పైనుంచి కొడతాడు కాబట్టి చూరు కాస్తుంది. సాయంత్రం కిందికి దిగి అడ్డంగా వస్తాడు, చూరు కిందినుంచి దూరి సోఫాలో కూర్చుంటాడు. ఆ వైపు నిలువుగా అడ్డం కావాలి. చెట్టో, తడికో, తీగో ఉండాలి. మేస్త్రీ చెప్పింది సరిగ్గా ఇదే, ఒక్క వాక్యంలో.

రాత్రిపూట ఇంకో ముచ్చట. లోపల లైటు వేయగానే అద్దాలన్నీ నల్లటి అద్దాలైపోతాయి, మొహం చూసుకునే రకం. తోట మాయం. మూడు పక్కలా నేనే, బనీనుతో. తోట కనబడాలంటే లోపల వెలుతురు తగ్గించి బయట చెట్ల కింద చిన్న దీపాలు పెట్టుకోవాలి. ఒకరోజు పొద్దున్నే ఒక పిట్ట అద్దంలో ఆకాశం చూసి నిజమనుకుని వచ్చి గుద్దుకుంది. అది కోలుకుని ఎగిరిపోయేదాకా నాకు కాఫీ దిగలేదు. ఆ రోజే అద్దాలకి బయటివైపు గీతలు గీతలుగా స్టిక్కర్లు అంటించాను. ఇవేవీ ఆ ఫోటోలో లేవు కదా!

నేనొక్కణ్నే తెలివితక్కువవాణ్ననుకోకండి. అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో ఫాక్స్ నది పక్కన ఫార్న్స్‌వర్త్ హౌస్ అని ఉంది. 1951లో పూర్తయింది. అద్దాల ఇల్లు అనగానే అందరూ చూపించే ఫోటో దానిదే. కట్టింది ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో, కట్టించుకున్నది ఎడిత్ ఫార్న్స్‌వర్త్ అనే డాక్టరమ్మ. నాలుగు పక్కలా నేల నుంచి కప్పు దాకా అద్దాలే. తెరుచుకునే కిటికీలు రెండే, అవీ చిన్నవి, రెండూ ఒకే చివర. ఖర్చు పెరిగిపోయి ఆవిడా ఆర్కిటెక్టూ కోర్టుకెక్కారు. వేసవిలో ఆ ఇంటిని కొంతయినా కాపాడింది దక్షిణం వైపున్న పెద్ద మేపుల్ చెట్టు నీడ. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం చెత్తడబ్బా సంగతి. సింకు కింద చెత్తడబ్బా పెట్టుకోలేకపోతున్నానని, దారిలో వచ్చేవాళ్లకు అది కనబడి ఇల్లంతా అసహ్యంగా ఉంటుందని, అందుకే దూరంగా అలమారలో దాస్తున్నానని ఆవిడ 1953లో ఒక పత్రికతో చెప్పుకున్నారు. ఇల్లు ఆవిడదే, డబ్బు ఆవిడదే, చెత్తడబ్బా ఎక్కడుండాలో చెప్పేది మాత్రం అద్దం.

అందుకే ఫోటోలు చూసేటప్పుడు నేనిప్పుడు చెత్తడబ్బా కోసం వెతుకుతాను. ఎక్కడా ఉండదు. చెప్పులు ఉండవు, ఛార్జర్ ఉండదు, మడతపెట్టని బట్టలు ఉండవు. వంటింట్లో నూనె సీసా ఉండదు, నిమ్మకాయలు మాత్రం ఓ గిన్నెడు ఉంటాయి. హోమ్ టూర్ వీడియోల్లో అయితే ప్రతి ఇంట్లోనూ ఒక "రీడింగ్ కార్నర్". అందులో దీపం ఉండదు, మోకాళ్లు పట్టేంత చోటు ఉండదు, చదివేవాళ్లయితే అసలే ఉండరు. బాల్కనీలూ అంతే. ఆరడుగుల లోతు కూడా లేని బాల్కనీని జనం పెద్దగా వాడరని ఆర్కిటెక్ట్ క్రిస్టఫర్ అలెగ్జాండర్, ఆయన సహచరులు 1977లోనే రాసిపెట్టారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మధ్యలో చిన్న బల్ల వేసుకోడానికి ఆ మాత్రం కావాలి. అయినా మూడడుగుల బాల్కనీలు కడుతూనే ఉన్నారు, మనం వాటిల్లో వాషింగ్ మెషీన్ పెడుతూనే ఉన్నాం. గదికి రెండు పక్కలనుంచి వెలుతురు రావాలన్నది కూడా వాళ్లు చెప్పిందే. ఒక పక్క నుంచే వస్తే ఎదుటి మనిషి మొహం సగం చీకట్లో ఉంటుంది. మీ ఇంట్లో జనం తెలియకుండానే ఏ గదిలో చేరతారో గమనించండి, తొంభై పాళ్లు అది రెండు పక్కలా కిటికీలున్న గదే. దీనికి నా దగ్గర రుజువేం లేదు, నలభై ఇళ్లు చూసిన అనుభవం తప్ప.

సరే, మరి దేనికి ఇన్‌స్పైర్ అవ్వాలి అంటారా. నా మట్టుకు ఒకే ఒక్క చోటు. శ్రీలంకలో బెంతోట దగ్గర లునుగంగ అనే తోట. ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా 1940ల చివర్లో ఒక పాత రబ్బరు తోట కొని, 2003లో పోయేదాకా దాంతోనే కుస్తీ పట్టారు. కొండ నెత్తి కాస్త చెక్కించారు, అవతలి చెరువు కనబడాలని. దేవగన్నేరు కొమ్మలకు బరువులు వేలాడగట్టి తనకు కావలసినట్టు వంచుకున్నారు. ఇవన్నీ అందరూ చెప్పేవే. నాకు నచ్చింది వేరే. పొద్దున కూర్చోడానికి ఒక చోటు, మధ్యాహ్నానికి ఒకటి, సాయంత్రానికి ఇంకొకటి. ఒక్కో చోట ఒక్కో గంట వేలాడదీసి ఉండేది. మోగిన గంటని బట్టి అయ్యగారు ఎక్కడున్నారో పనివాళ్లకు తెలిసేది. ఆయన చేసిన పనేమిటో చూశారా? ఎండ ఎటు కదిలితే అటు తన కుర్చీ జరుపుకున్నారు. ప్రతి చోటికీ ఒక వేళ ఉంది. నా అద్దాల గదికి ఏ వేళా లేదు, ఫోటో తీసిన ఆ పావుగంట తప్ప.

గార్డెన్ రూమ్ అంటే మనవాళ్లు అద్దాల గదే అనుకుంటారు. తోటనే గదులుగా విడగొట్టడాన్ని కూడా అలాగే అంటారు. ఇంగ్లండులో సిసింగ్‌హర్స్ట్ అనే తోట ఉంది, ఆ చోటుని 1930లో వీటా సాక్‌విల్-వెస్ట్, హారల్డ్ నికల్సన్ దంపతులు కొన్నారు. ఆయన గీతలు గీశారు, ఆవిడ మొక్కలు నాటారు. గోడలూ కంచెచెట్లూ గదుల గోడల్లా ఉంటాయి, పైన కప్పు ఆకాశం. అందులో తెల్లపూల తోట గురించి వినే ఉంటారు. ఫోటోల్లో అది పట్టపగలు కనిపిస్తుంది, కాస్త బోసిగా కూడా ఉంటుంది. కానీ వాళ్లు రాత్రి భోజనానికి వెళ్లే ఇల్లు ఆ తోట పక్కనే. మునిమాపు వేళ ఎరుపు ముందుగా చీకట్లో కలిసిపోతుంది, తెలుపు చివరిదాకా వెలుగుతూ ఉంటుంది. పగలు చూసి "తెల్లపూలు బాగున్నాయి, మనమూ వేద్దాం" అని పొద్దున్నే కాఫీ తాగే చోట వేసుకుంటే ఏం లాభం?

ఇంతకీ నా గది సంగతి. రెండేళ్ల తర్వాత మళ్లీ అదే మేస్త్రీని పిలిచాను. ఆయన వచ్చి, బట్టల తాడు చూసి, నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. పైన అద్దం తీసి పెంకు వేశాడు. పైభాగాన రెండు వైపులా వేడిగాలి పోడానికి జాలీ పెట్టాడు. పడమటి అద్దానికి బయట జానెడు దూరంలో తీగెలు లాగి మాలతి పాకించాం. అది గోడంతా కమ్మడానికి రెండు వానాకాలాలు పట్టింది, ఈలోగా వెదురు తడిక కట్టాం. ఇప్పుడు నాలుగింటికి కూర్చోవచ్చు. చల్లగా ఉందని అబద్ధం చెప్పను, కూర్చోవచ్చు అంతే.

అసలు తమాషా ఏమిటంటే, గది కాగుతున్న ఆ రెండేళ్లలో నాకు కూర్చోడానికి చోటు లేక, ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని పెరడంతా తిరిగాను. పొద్దున ఇక్కడ, పదింటికి అక్కడ, సాయంత్రం ఇంకోచోట. గాలి ఎటునుంచి వస్తుందో, పక్కింటి మోటారు చప్పుడు ఎక్కడ వినబడదో, దోమలు ఏ మూల నుంచి బయల్దేరతాయో అన్నీ అప్పుడే తెలిశాయి. చివరికి దొరికిన చోటు బాత్రూమ్ గోడ వెనక, బట్టలుతికే బండ పక్కన. తూర్పు వైపు. మధ్యాహ్నం దాటితే ఇంటి నీడే అక్కడ పడుతుంది, రెండు గోడల సందులోంచి గాలి తోసుకొస్తుంది. ఇంటికొచ్చిన ఆర్కిటెక్ట్ కుర్రాడు ఆ చోటుని "డెడ్ స్పేస్" అన్నాడు. మేం రోజూ సాయంత్రం అక్కడే కూర్చుంటాం.

ఒక్క ఫిర్యాదు మిగిలింది, అదీ చెప్పేస్తాను. దయచేసి ఇంటినిండా ఆ తెల్లటి ట్యూబు వెలుతురు పెట్టకండి. బల్బు డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటే వంటింటికో, పని బల్లకో వాడుకోండి, కూర్చునే గదికి 2700 చాలు, అది పసుపుపచ్చటి వెలుతురు. లక్షణమైన ఇంటీరియర్ చేయించుకుని, ఆపరేషన్ థియేటర్ లైట్లు వేసుకుని, ఫోటోలో ఉన్నట్టు లేదేంటని బాధపడేవాళ్లని చాలామందిని చూశాను.

ఇంత చెప్పాక మీ పెరటి ఫోటో పెట్టండి అంటారు. పెట్టాను ఒకసారి, మా చుట్టాల గ్రూపులో. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక సున్నం గోడ, పంపు కింద బకెట్. మా తమ్ముడు అది చూసి, "పంపు లీకవుతోందా అన్నయ్యా, ప్లంబర్ని పంపమంటావా" అని అడిగాడు.