మట్టి సంగతులు: ఎడారి మేతభూమిలో క్షారత

ప్రశ్న: ఎడారి ప్రాంతంలోని ఒక మేతభూమిలో రెండు చోట్ల మట్టి తీసి పరీక్ష చేయించాం. ఒక చోట పీహెచ్, అంటే ఉదజని సూచిక, 8.2 వచ్చింది. మరో చోట 9.4 వచ్చింది. రెండూ క్షార నేలలేనని నివేదికలో రాశారు. మొదటి చోట గడ్డి బాగానే ఉంది, రెండో చోట నేల దాదాపు బోడిగా ఉంది. అంకెల్లో తేడా కొంచెమే అయినప్పుడు నేలల్లో ఇంత తేడా ఎందుకు?

జవాబు: ముందుగా, ఆ తేడా కొంచెం కాదు. పీహెచ్ కొలతలో ఒక్కో మెట్టుకు హైడ్రోజన్ అయాన్ల గాఢత పదింతలు మారుతుంది కాబట్టి, 8.2 నుంచి 9.4కు చేరేసరికి అది దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. అయినా గడ్డికి అసలు అడ్డం ఆ అంకె కాదు, దాన్ని అంత పైకి తీసుకుపోయిన పదార్థం. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే, మొదటి చోట క్షారతకు కారణం సున్నం (కాల్షియం కార్బొనేట్), రెండో చోట కారణం సోడియం. నివేదిక రెండింటికీ ఒకే పేరు పెట్టడం వల్లే ఈ సందేహం వచ్చింది.

వాన బాగా కురిసే చోట నీరు నేలలోని లవణాలను, సున్నాన్ని కరిగించుకుని వేళ్లకు అందని లోతుకు తీసుకుపోతుంది. ఎడారిలో కురిసిన కొద్దిపాటి నీరు కొంత దూరం దిగి, అక్కడే ఆగి, తిరిగి ఆవిరైపోతుంది. అది మోసుకుపోయిన సున్నం ఆగిన చోటనే పేరుకుంటుంది. మట్టిని నిలువుగా తవ్వి చూస్తే బూజు పోగుల్లాంటి తెల్లని దారాలు, గులకరాళ్ల అడుగున తెల్లని పూత కనిపిస్తాయి. వేల ఏళ్లు గడిచిన నేలల్లో అదే గునపం దిగని గట్టి పలకగా మారుతుంది. ఆ తెలుపు మీద రెండు చుక్కల వెనిగర్ వేస్తే బుసబుసమని నురగ వస్తుంది. గాలితో సమతౌల్యంలో ఉన్న సున్నం పీహెచ్‌ను సుమారు 8.3 దగ్గర నిలబెడుతుంది, దాన్ని దాటి పెద్దగా పోనివ్వదు. మీ మొదటి అంకె సరిగ్గా ఆ పరిధిలోనే ఉంది. అటువంటి నేలలో భాస్వరం కాల్షియంతో ముడిపడి మొక్కకు సులభంగా అందదు, ఇనుము, జింకు, మాంగనీసు కూడా కరగవు. కానీ ఆ నేలలోనే పుట్టి పెరిగిన గడ్డిజాతులు ఈ కొరతకు అలవాటుపడినవే.

పీహెచ్ 8.5 దాటి 9, 10 వైపు పోయిందంటే అక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ఉన్నాయని అనుమానించాలి. బంకమట్టి రేణువులను కాల్షియం దగ్గరకు చేర్చి గుంపుగా ఉంచుతుంది. సోడియం కాల్షియం కంటే బలహీనంగా బంకకు అంటుకునే అయాన్ కావడంతో, కాల్షియం స్థానంలో అది చేరినప్పుడు రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుని విడిపోతాయి. విడిపోయిన సన్నని బంక నీటితోపాటు కదిలి రంధ్రాలను పూడ్చేస్తుంది. తడిస్తే జిగురుబురద, ఎండితే రాయి, నీరు దిగదు, మొలక చీల్చుకుని పైకి రాలేదు. దీన్ని కళ్లతో చూడాలంటే రెండు చోట్ల నుంచీ శనగగింజంత ఎండు పెళ్లలను తెచ్చి, విడివిడి గ్లాసుల్లో వాన నీటిలో గాని డిస్టిల్డ్ వాటర్‌లో గాని మెల్లగా వదిలి కదిలించకుండా ఉంచండి. సున్నపు నేల పెళ్ల విరిగి ముక్కలైనా నీరు తేటగానే ఉంటుంది. సోడియం నేల పెళ్ల చుట్టూ కొద్ది గంటల్లో పాల వంటి మసక వలయం కమ్ముకుంటుంది. నేలలో ఉప్పు ఎక్కువగా ఉంటే మాత్రం ఈ వలయం రాకపోవచ్చు, ఎందుకంటే ఉప్పు గాఢంగా ఉన్నంతసేపు బంక విడిపోదు.

మన భాషలో పాల చౌడు, కారు చౌడు అని రెండు మాటలున్నాయి. తెల్లగా ఉప్పు పేరుకున్నది పాల చౌడు, సోడియం క్షారతతో నల్లబడినది కారు చౌడు. ఆ నలుపు ఊరికే రాలేదు. అధిక క్షారతలో నేలలోని సేంద్రియ పదార్థం కరిగి, ఆవిరయ్యే నీటి వెంట పైకి వచ్చి పైపొర మీద నల్లని పూతగా మిగులుతుంది. అమెరికా పశ్చిమ ప్రాంతపు రైతులు కూడా ఇదే నేలను నల్ల చౌడు అనే అర్థం వచ్చే మాటతోనే పిలిచారు, కాలిఫోర్నియాలో మట్టి శాస్త్రవేత్త యూజీన్ హిల్గార్డ్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ నేలలనే పరిశోధించాడు. ఎక్కడి మనుషులైనా నేలను జాగ్రత్తగా చూస్తే ఒకే గుర్తు పట్టుకున్నారన్నది నాకు చాలా ఇష్టమైన విషయం.

కాబట్టి ప్రయోగశాలను పీహెచ్‌తోపాటు విద్యుత్ వాహకత (కరిగిన ఉప్పు ఎంతుందో చూపే కొలత), వినిమయ సోడియం శాతం (బంక రేణువులు పట్టుకుని ఉన్న అయాన్లలో సోడియం వాటా) కూడా అడగండి. అమెరికా లవణీయత ప్రయోగశాల 1954లో ఇచ్చిన హద్దులనే నేటికీ చాలాచోట్ల వాడుతున్నారు: సంతృప్త మట్టిసారంలో, అంటే మట్టిని నీటితో పూర్తిగా నానబెట్టి తీసిన ద్రవంలో, వాహకత మీటరుకు 4 డెసీసీమెన్లు మించితే పాల చౌడు, వినిమయ సోడియం 15 శాతం మించితే కారు చౌడు, రెండూ మించితే రెండింటి లక్షణాలూ కలిసిన నేల. ఆస్ట్రేలియాలో 6 శాతం నుంచే సోడియం నేలగా లెక్కిస్తారు. మట్టిని ఎంత నీటిలో కలిపి కొలిచారో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే నీరు ఎక్కువ కలిపితే ఇటువంటి నేలల పీహెచ్ పైకి చూపిస్తుంది.

ప్రశ్న: అదే భూమిలో పొదల కింద మట్టి మెత్తగా, పొదల మధ్య గట్టి పెచ్చుగా ఉంది. ఆ పెచ్చును పగలగొడితే మంచిదా?

జవాబు: ఏ పెచ్చో తెలియకుండా పగలగొట్టకండి. ఒక ముక్కను వేళ్లతో విరిచి అంచును దగ్గరగా చూడండి. లోపల సన్నని గుండ్రటి బుడగలు ఒకదానితో ఒకటి కలవకుండా కనిపిస్తే, అది గాలి మోసుకొచ్చిన దుమ్ము పదేపదే తడిసి ఆరడంతో ఏర్పడిన పొర. కొద్ది సెంటీమీటర్ల మందమే అయినా, ఆ బుడగలకు దారులు లేకపోవడంతో నీరు నెమ్మదిగా దిగుతుంది. అంచు నుంచి సన్నని పోగులు వేలాడుతూ, వాటికి ఇసుక రేణువులు పూసల్లా అంటుకుని ఉంటే, అది ప్రాణమున్న పెచ్చు. మైక్రోకోలియస్ వంటి నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు తమ జిగురు తొడుగులతో మట్టిని కుట్టినట్టు పట్టుకుంటాయి, వాటితోపాటు లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవులు), నాచు పెరుగుతాయి, వాటిలో కొన్ని గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. సేంద్రియ కర్బనం తరచుగా ఒక శాతానికి లోపే ఉండే ఆ నేలకు అది చాలా విలువైన రాబడి. ఎండిన వేళ మంద తొక్కితే ఆ పెచ్చు పొడిపొడి అవుతుంది, లైకెన్లు తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది, ఈలోగా గాలి పైమట్టిని ఎత్తుకుపోతుంది.

పొదల కింద మెత్తదనానికి కారణం సులభమే. రాలిన ఆకు, ఆగిన దుమ్ము, నీడలో నిలిచిన తేమ, పక్షుల రెట్ట అక్కడ చేరతాయి. అయితే పొద కింద నేల ఎప్పుడూ మంచిదనుకోవద్దు. అమెరికాలోని గ్రేట్ బేసిన్‌లో పెరిగే గ్రీజ్‌వుడ్ అనే పొద లోతు నుంచి సోడియాన్ని వేళ్లతో పీల్చి ఆకుల్లో నింపుకుంటుంది, ఆ ఆకులు రాలినప్పుడు పొద కింది నేలలోనే సోడియం, పీహెచ్ పెరుగుతాయి.

ప్రశ్న: గంధకం లేదా జిప్సం చల్లితే నేల బాగుపడుతుందా?

జవాబు: సున్నపు నేలకు గంధకం చల్లి పీహెచ్ తగ్గించాలనుకుంటే లెక్క చూడండి. ఒక హెక్టారులో 15 సెంటీమీటర్ల పైపొర బరువు సుమారు 2,250 టన్నులు. అందులో సున్నం ఒక్క శాతమే ఉన్నా అది 22 టన్నులకు పైమాటే, దాన్ని కరిగించడానికే దాదాపు 7 టన్నుల గంధకం కావాలి. ఎడారి నేలల్లో సున్నం ఒక్క శాతంతో ఆగడం అరుదు. పైగా ఆ నేలకు ఆ వైద్యం అక్కర్లేదు.

సోడియం నేలకు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్ ఖనిజం, సరైన మందే. జిప్సంలోని కాల్షియం బంక మీది సోడియాన్ని తొలగించి, సోడియం సల్ఫేటుగా నీటిలోకి వదులుతుంది. ఆ నీరు లోతుకు దిగిపోయినప్పుడే పని పూర్తవుతుంది. సాగునీరు, మురుగు కాలువ ఉన్న పొలంలో అది సాధ్యం, వాన తప్ప మరో నీరు లేని విశాలమైన మేతభూమిలో విడుదలైన సోడియం అక్కడే నిలిచిపోతుంది. లోతుగా దున్నడం ఇంకా ప్రమాదకరం, పైన పల్చటి మంచి మట్టి, దాని కింద గుండ్రటి తలలున్న స్తంభాల్లా నిలిచిన సోడియం బంక ఉన్న నేలల్లో నాగలి ఆ చెడునే పైకి తెస్తుంది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పైమట్టి కొట్టుకుపోయి బోడిగా మారిన మేతభూములకు వేరే దారి పట్టారు. వాలు తక్కువగా ఉన్న చోట గుర్రపు లాడం ఆకారంలో చిన్న గట్లు వేసి, వాన నీటిని పలచగా నిలబెట్టారు. నిలిచిన నీరు లవణాన్ని కొంత లోతుకు దించుతుంది, ఆరినప్పుడు పడిన పగుళ్లలో గాలికి వచ్చిన విత్తనాలు చిక్కుకుని మొలుస్తాయి. మీ బోడి చోట నేల చదునుగా ఉండి, పైనుంచి వాన నీరు పారి వస్తుంటే దీన్ని చిన్న ముక్కలో ప్రయత్నించవచ్చు. అంతకు ముందు పొద కింద, పొదల మధ్య, బోడి చోట విడివిడిగా, 0–5, 5–15, 15–30 సెంటీమీటర్ల లోతుల్లో మట్టి తీయించండి. అన్నీ ఒకే సంచిలో కలిపితే సోడియం ఏ చోట, ఏ లోతులో ఉందో తెలియదు.